మండుటెండను ఎవరు ఎలా తట్టుకుంటారు: పశువులు, పక్షులు, చేపలు, చెట్ల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. ఆ ఎండలోనే వేపచెట్టు పచ్చగా నిలబడుతుంది, తీతువు పిట్ట బోడి నేల మీద గుడ్లు పొదుగుతుంది, గేదె మాత్రం కుంట వదిలి రానంటుంది. అందరి ముందూ ఉన్న లెక్క ఒకటే: నీళ్ళు ఖర్చుపెట్టి చల్లబడాలా, నీళ్ళు దాచుకుని వేడిని ఓర్చుకోవాలా? పాడి రైతులు, కోళ్ళ షెడ్ల వాళ్ళు, చేపల చెరువుల వాళ్ళు, మేడ మీద కుండీలు పెంచేవాళ్ళు ఎక్కువగా అడిగే ప్రశ్నలు కింద ఉన్నాయి. జవాబులన్నీ ఆ లెక్క దగ్గరికే వస్తాయి.

అనుకూలనం, అలవాటు పడటం రెండూ ఒకటేనా?

కాదు. ఒంగోలు గిత్తకు వదులుగా వేలాడే చర్మం, పెద్ద గంగడోలు, పొట్టి తెల్ల వెంట్రుకలు తరతరాలుగా వచ్చినవి. పుట్టుకతోనే ఉంటాయి, చలి ప్రాంతానికి తీసుకెళ్ళినా పోవు. అది అనుకూలనం. ఏసీ గదిలో పనిచేసే మనిషి ఎండలో పనికి దిగితే వారం నుంచి రెండు వారాల్లో అతని ఒంట్లో వచ్చే మార్పు అలవాటు పడటం. చెమట ముందుగా మొదలవుతుంది, ఎక్కువ పడుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. రక్తంలో నీటి భాగం పెరుగుతుంది, అదే పనికి గుండె కొట్టుకునే వేగం తగ్గుతుంది. ఎండకు దూరమైతే కొద్ది వారాల్లో ఈ మార్పులన్నీ వెనక్కి పోతాయి.

అందుకే కొత్తగా ఎండ పనికి వచ్చినవాళ్ళకు మొదటి రోజే పూర్తి పని అప్పగించకూడదు. మొదటి రోజు మామూలు పనిలో ఐదో వంతు, ఆ తర్వాత రోజుకో ఐదో వంతు చొప్పున పెంచాలి. వడదెబ్బలు చాలావరకు మొదటి కొద్ది రోజుల్లోనే తగులుతాయి. చాలాచోట్ల దీన్ని పట్టించుకోరు, కూలి లెక్క అడ్డం వస్తుంది.

కణం లోపల కూడా ఇలాంటి సర్దుబాటే ఉంది. వేడికి ప్రొటీన్ల ఆకారం చెడిపోతుంటే వాటిని పట్టి నిలబెట్టే వేరే ప్రొటీన్లు తయారవుతాయి. ఈ స్పందనను 1962లో ఇటలీ శాస్త్రవేత్త ఫెరుచ్చో రిటోస్సా పండ్ల ఈగల్లో మొదట గుర్తించారు. వరి నుంచి మనిషి దాకా అన్నిట్లోనూ ఇది ఉంది.

చెమట పడితే ఒళ్ళు ఎందుకు చల్లబడుతుంది? ఉక్కపోతలో ఎందుకు చల్లబడదు?

ఒక లీటరు నీరు ఒంటి మీద నుంచి ఆవిరైతే సుమారు 580 కిలో కేలరీల వేడిని పట్టుకుపోతుంది. మట్టికుండలో నీళ్ళు చల్లబడేది ఈ సూత్రం మీదే. కానీ చెమట పట్టడం వేరు, ఆరడం వేరు. కారి కింద పడిన చెమట నీళ్ళ నష్టమే తప్ప దానివల్ల చల్లదనం రాదు. గాలిలో తేమ నిండుగా ఉంటే చెమట ఆరదు. అందుకే కాకినాడలో 36 డిగ్రీలు, ఆదిలాబాద్‌లో 42 డిగ్రీలు పోల్చేటప్పుడు అంకె ఒక్కటే చూస్తే మోసపోతాం.

పశువుల విషయంలో దీనికి ఉష్ణోగ్రత-తేమ సూచిక వాడతారు. లెక్క ఇది: ఉష్ణోగ్రతను 1.8తో గుణించి 32 కలపండి. అది మొదటి అంకె. తేమ శాతాన్ని 0.0055తో గుణించి 0.55లోంచి తీసేయండి. వచ్చినదాన్ని, ఉష్ణోగ్రత × 1.8లోంచి 26 తీసేస్తే వచ్చేదానితో గుణించండి. అది రెండో అంకె. మొదటి దాంట్లోంచి రెండోది తీసేస్తే సూచిక వస్తుంది.

42 డిగ్రీలు, 20 శాతం తేమ ఉంటే సూచిక 86 దగ్గర తేలుతుంది. 35 డిగ్రీలే ఉండి తేమ 80 శాతం అయితే 91. అంటే ఏడు డిగ్రీలు తక్కువ ఉన్న కోస్తా పశువే ఎక్కువ ఇబ్బందిలో ఉంది. సంకర జాతి ఆవుల్లో సూచిక 72 దాటినప్పటి నుంచే పాల మీద ప్రభావం మొదలవుతుంది. మన వేసవిలో అది తెల్లవారుజామున కూడా దాటే ఉంటుంది. రాత్రి చల్లబడకపోతే పగటి వేడి ఒంట్లోనే మిగిలిపోతుంది, మర్నాడు దాని మీద కొత్త వేడి చేరుతుంది.

ఆవు ఎండలో మేస్తుంటే గేదె బురదలోకి ఎందుకు పోతుంది?

గేదె చర్మం నలుపు, వెంట్రుకలు పలుచన, చెమట గ్రంథులు ఆవు కన్నా చాలా తక్కువ. ఎండను బాగా పీల్చుకుంటుంది, చెమటతో వదిలించుకోలేదు. శరీరం చేయలేని పనిని అలవాటు చేస్తుంది: నీళ్ళలో దిగుతుంది, బురద పూసుకుంటుంది. నీళ్ళు ఒంటి వేడిని నేరుగా లాగేస్తాయి. పైకి వచ్చాక ఒంటికి పట్టిన బురద మెల్లగా ఆరుతూ ఇంకాసేపు చల్లబరుస్తుంది, ఈగల్ని కూడా దగ్గరికి రానివ్వదు. కాబట్టి గేదెను కుంటకు వెళ్ళనివ్వకుండా రేకుల షెడ్డులో కట్టేస్తే దానికున్న ప్రధాన ఆయుధాన్ని లాగేసుకున్నట్టే. ఆ పని మీరు చేసిపెట్టాలి.

ఒంగోలు జాతి దారి వేరు. తెల్ల వెంట్రుక ఎండను తిప్పికొడుతుంది, కింది నల్ల చర్మం అతినీలలోహిత కిరణాలను ఆపుతుంది. చెమట గ్రంథులు పెద్దవి, చర్మం వైశాల్యం ఎక్కువ, ఒంట్లో పుట్టే వేడి తక్కువ. ఈ గుణాల కోసమే బ్రెజిల్ వాళ్ళు ఈ పశువును తీసుకెళ్ళి పెంచుకున్నారు. అక్కడ దాన్ని నెలోర్ అంటారు, మన నెల్లూరు పేరే. ఒంట్లో వేడి తక్కువ పుట్టడానికీ పాలు తక్కువ ఇవ్వడానికీ సంబంధం ఉందని గుర్తుంచుకోండి. రోజుకు 20 లీటర్లు ఇచ్చే ఆవు ఒంట్లో పుట్టే వేడే ఎక్కువ. ఎండను తట్టుకోవాలి, పాలు మాత్రం హెచ్ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్ అనే విదేశీ పాడి జాతి) ఆవులా ఇవ్వాలి అంటే కుదరదు.

షెడ్డులో ఏం చేయాలి?

నీళ్ళు చల్లడం ఒక్కటే సరిపోదు, గాలి తగలాలి. చర్మం దాకా తడిసేలా ఒకటి రెండు నిమిషాలు చల్లండి, ఆపండి, పది పదిహేను నిమిషాలు ఫ్యాను ఆడనివ్వండి, మళ్ళీ చల్లండి. ఆపకుండా చల్లితే షెడ్డులో తేమ పేరుకుని పని చెడుతుంది. పొగమంచులా సన్నగా పడే నాజిల్ వెంట్రుకల పైనే నిలుస్తుంది, దాని కింద గాలి చిక్కుకుని వేడి ఇంకా బయటికి పోదు. కాస్త పెద్ద చినుకు పడే నాజిల్ మేలు.

మేత అరిగేటప్పుడు కూడా వేడి పుడుతుంది, తిన్న కొన్ని గంటలకు అది ఎక్కువవుతుంది. అందుకే రోజు మేతలో మూడింట రెండు వంతులు సాయంత్రం నుంచి తెల్లవారేలోపు పడాలి. ఎండుగడ్డి రాత్రికి, పచ్చిమేత పగటికి. పాలిచ్చే గేదెకు వేసవిలో రోజుకు 80 నుంచి 100 లీటర్ల నీళ్ళు అందుబాటులో ఉండాలి. తొట్టి నీడలో ఉండాలి. ఎండలో కాగిన నీళ్ళు పశువు తాగదు, మీరేమో తొట్టి నిండుగా ఉంది కదా అనుకుంటారు.

ఇంకో నష్టం కంటికి కనిపించదు. వేసవిలో గేదెలు మూగ ఎదకు వస్తాయి. అరుపు ఉండదు, లక్షణాలు స్వల్పం, అవి కూడా రాత్రి, తెల్లవారుజామునే. పగలు చూసి ఎదకు రాలేదనుకుంటే ఆ ఈత పోయినట్టే.

పశువుకు వడదెబ్బ తగిలిందని ఎలా తెలుస్తుంది?

డొక్కలు ఎగిసిపడటం లెక్కపెట్టండి. మామూలుగా నిమిషానికి 15 నుంచి 30 శ్వాసలు. 60 దాటితే ఇబ్బంది మొదలైంది. నోరు తెరిచి, నాలుక వేలాడేసి, సొంగ కారుస్తూ మెడ చాపితే ఆలస్యం చేయకూడదు. మలద్వారంలో థర్మామీటరు పెడితే మామూలు 38.5 డిగ్రీల దగ్గర ఉండాలి, 40 దాటితే ప్రమాదం. నీడకు తెచ్చి ఒళ్ళంతా తడిపి గాలి తగిలించండి. 39.5కు దిగాక నీళ్ళు ఆపండి, లేకపోతే ఒంటి వేడి మరీ కిందికి జారిపోతుంది. తాగగలిగితే తాగనివ్వండి. గొట్టంతో నోట్లో పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతే వడదెబ్బ తగ్గినా న్యుమోనియాతో పోతుంది. వెంటనే పశువైద్యుణ్ణి పిలవండి.

కోళ్ళు మధ్యాహ్నం కాకుండా సాయంత్రం ఎందుకు చనిపోతాయి?

కోడికి చెమట గ్రంథులు లేవు. ఒంటి వేడి మామూలుగానే 41 డిగ్రీల పైన. 46, 47 దగ్గర ప్రాణం పోతుంది. ఈ కొద్దిపాటి జాగాలోనే అది నెగ్గుకురావాలి. మొదట రెక్కలు విప్పి, ఈకలు తక్కువున్న చోట గాలి తగలనిస్తుంది, చల్లటి నేలకు ఒళ్ళు ఆనిస్తుంది. చాలకపోతే నోరు తెరిచి ఎగశ్వాస తీస్తుంది. ఒంట్లో వేడి పొద్దుటి నుంచీ పేరుకుంటూ వస్తుంది, గాలి వేడి తగ్గడం మొదలయ్యాక కూడా అది ఇంకా పైకే పోతుంటుంది. అందుకే మూడు, నాలుగు గంటల తర్వాత కోళ్ళు రాలతాయి.

ఎగశ్వాసకు ఇంకో మూల్యం ఉంది. బొగ్గుపులుసు వాయువు అతిగా బయటికి పోయి రక్తం క్షారం వైపు జరుగుతుంది. గుడ్డు పెంకుకు కావలసిన కార్బొనేట్ తగ్గుతుంది. వేసవిలో పెంకు పలుచబడి గుడ్లు పగిలేది చాలావరకు ఇందుకే. కాల్షియం మాత్రమే పెంచితే సరిపోదు. దాణాలో తినే సోడా కలపమని పౌష్టికాహార నిపుణులు చెప్పేది దీన్ని సరిచేయడానికే. మోతాదు మీ దాణాలో ఉప్పు ఎంతుందో చూసి వాళ్ళే నిర్ణయించాలి.

చేయవలసినవి: ఉదయం పది నుంచి సాయంత్రం నాలుగు వరకు దాణా ఆపండి, మిగతాది చల్లబడిన వేళ వేయండి. నీటి ట్యాంకుకు నీడ కల్పించి గోనె చుట్టండి, పైపుల్లో కాగిన నీళ్ళు మధ్యాహ్నం ఒకసారి వదిలేయండి. మామూలు రోజుల్లో దాణాకు రెండింతలు తాగే కోడి, మండే ఎండల్లో నాలుగైదింతలు తాగుతుంది. ఫాగర్లు, అంటే నీటిని పొగమంచులా చిమ్మేవి, గాలి పొడిగా ఉంటేనే వేయండి. తేమ 70 శాతం దాటాక ఫాగర్ వేయడం కోడికి మిగిలిన ఒకే ఒక్క దారిని మూసేయడం. అప్పుడు ఫ్యాన్లే దిక్కు. కోళ్ళను లేపి తరమొద్దు, కదలికతో పుట్టే వేడి చాలు వాటిని చంపడానికి.

అడవి పక్షులకు ఇవేమీ లేవు కదా, ఎలా బతుకుతాయి?

తీతువు పిట్టను గమనించండి. దాని గుడ్లు బోడి నేల మీద, రాళ్ళ మధ్య ఉంటాయి. మధ్యాహ్నం నేల పైపొర 60 డిగ్రీలు దాటే చోట పొదగడం అంటే వెచ్చబెట్టడం కాదు, చల్లబరచడం. తల్లిదండ్రులు వంతులవారీగా నీళ్ళ దగ్గరికి పోయి పొట్ట ఈకలు తడుపుకొచ్చి గుడ్ల మీద కూర్చుంటాయి. ఆ సమయంలో మనిషో కుక్కో దగ్గర తచ్చాడి వాటిని లేపేస్తే కొద్ది నిమిషాల్లోనే గుడ్లు చెడిపోవచ్చు. అరుస్తూ మీ తల మీద తిరుగుతుంటే పక్కకు వెళ్ళిపోవడమే మీరు చేయగల సాయం.

గుంటూరు దగ్గరి ఉప్పలపాడు పక్షుల కేంద్రంలో ఎర్రకాళ్ళ కొంగల కాళ్ళు మే నెలలో తెల్లగా కనిపిస్తే రంగు మారిందనుకోవద్దు. అవి తమ కాళ్ళ మీదే పలుచటి రెట్ట వేసుకుంటాయి. అందులో నీరు ఆవిరై కాళ్ళలో పారే రక్తాన్ని చల్లబరుస్తుంది. చూడ్డానికి బాగోదు గానీ ఒంటిలోంచి ఎలాగూ పోయే నీటిని రెండోసారి వాడుకోవడం అది. నేలపట్టు పక్షుల కేంద్రంలోని గూడబాతులైతే నోరు తెరిచి గొంతు సంచిని టపటపలాడిస్తాయి. ఛాతీ మొత్తం ఊపే ఎగశ్వాస కన్నా దానికి శ్రమ తక్కువ.

మొక్కలు మధ్యాహ్నం వాడిపోతున్నాయి. వెంటనే నీళ్ళు పోయాలా?

పోయొద్దు, మర్నాడు ఉదయం ఆరింటికి చూడండి. మధ్యాహ్నం వాలి, సాయంత్రానికి తేరుకుని, పొద్దున నిటారుగా ఉంటే వేళ్ళు అందించే నీటి కన్నా ఆకు వదిలేది కాసేపు ఎక్కువైందంతే. వంగ, గుమ్మడి, బెండ ఆకులు పెద్దవి కాబట్టి ఇలా చేస్తాయి. వాలిన ఆకు మీద ఎండ ఏటవాలుగా పడుతుంది, వేడి తక్కువ తాకుతుంది. పొద్దున కూడా వాడే ఉంటే అసలు కొరత ఉంది.

మరో ఉచ్చు ఉంది. కుండీ మట్టి తడిగా ఉండీ మొక్క వాడిందంటే నీళ్ళెక్కువై వేళ్ళకు గాలి ఆడడం లేదు. వేరు ఊపిరాడక నీళ్ళు పీల్చదు, మీరేమో ఇంకా పోస్తారు. రెండు అంగుళాల లోతున వేలు పెట్టి చూశాకే నీళ్ళ మగ్గు పట్టుకోండి. మేడ మీద నల్ల ప్లాస్టిక్ కుండీలకు పడమటి ఎండ నేరుగా తగిలితే వేళ్ళు ఉడికిపోతాయి. తెల్ల గుడ్డ చుట్టినా తేడా ఉంటుంది.

జొన్న నిలబడితే వరి ఎందుకు నిలబడదు?

ఆకు కింద పత్రరంధ్రాలుంటాయి. బొగ్గుపులుసు వాయువు లోపలికి రావాలన్నా, నీటి ఆవిరి బయటికి పోవాలన్నా దారి అదే. తెరిస్తే దాహం, మూస్తే ఆకలి. నేల ఎండితే వేళ్ళలో, ఆకుల్లో ఆబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోను పెరిగి రంధ్రాలను మూయిస్తుంది.

వరి, కంది, పత్తి, వేరుశనగ వంటివి కిలో పొడి పదార్థం తయారుచేయడానికి 450 నుంచి 950 లీటర్ల నీళ్ళు తాగుతాయి. జొన్న, సజ్జ, మొక్కజొన్న, చెరకు ఆ వాయువును ముందుగా పట్టి, గాఢత పెంచి వాడుకుంటాయి, అందుకే రంధ్రాలు కొద్దిగా తెరిచినా గడుస్తుంది. వాటికి 250 నుంచి 350 లీటర్లు చాలు. కలబంద, బ్రహ్మజెముడు, అనాస ఏకంగా రాత్రిపూట రంధ్రాలు తెరిచి, వాయువును ఆమ్లంగా దాచుకుని, పగలు తలుపులు మూసుకుని వంట చేసుకుంటాయి. నీళ్ళు బాగా మిగులుతాయి, ఎదుగుదల మాత్రం నత్తనడకే.

ఆకు కదలిక కూడా చూడండి. జొన్న ఆకు గొట్టంలా చుట్టుకుంటుంది. బొబ్బర్లు, సోయా చిక్కుడు ఆకుల్ని ఎండకు అంచు చూపేలా తిప్పుకుంటాయి. బెట్టలో ఇలా కనిపిస్తే పంట పోయిందని కాదు, పొదుపు మొదలైందని. ఆ దశలో వర్షాధార పంట మీద లీటరు నీటికి 10 గ్రాముల చొప్పున పొటాషియం నైట్రేట్, అంటే 13-0-45, సాయంత్రం పూట పిచికారీ చేస్తే కొంత నిలదొక్కుకుంటుంది. పూర్తిగా ఎండిన ఆకు మీద ఏది కొట్టినా దండగ.

పైరు పచ్చగా ఉండీ గింజ పట్టలేదు. ఎందుకు?

ఆకు తట్టుకున్న వేడిని పువ్వు తట్టుకోలేదు. వరిలో పువ్వు విచ్చుకునే సమయంలో, సుమారు ఉదయం తొమ్మిది నుంచి పన్నెండు మధ్య, 35 డిగ్రీలు దాటి గంట సేపున్నా పుప్పొడి సరిగా రాలదు, తాలు గింజలు పెరుగుతాయి. దాళ్వా (రబీ వరి) నాట్లు ఆలస్యమైతే పూత ఏప్రిల్ ఎండల్లో పడుతుంది, ఆ తర్వాత ఏ మందూ దాన్ని సరిచేయలేదు. టమాటాలో రాత్రి వేడి కూడా పూతను రాల్చేస్తుంది. అందుకే పగలు నీడవల కట్టినా కొన్నిసార్లు ఫలితం కనిపించదు.

వేప వేసవి ముందే చిగురిస్తే టేకు ఎందుకు మోడై ఉంటుంది?

టేకు ఆకు పళ్ళెమంత. నీళ్ళు లేని కాలంలో దాన్ని పోషించడం కన్నా రాల్చేయడం చవక. వాన వాసన తగిలాకే చిగురిస్తుంది. వేప కూడా పాత ఆకు రాలుస్తుంది, కానీ ఆకు రాలాక ఖర్చు తగ్గి కాండంలోకి మళ్ళీ నీరెక్కుతుంది. లోతైన వేళ్ళు దాన్ని అందిస్తాయి. ఆ నీటితోనే ఉగాదికి చిగురూ పూతా వస్తాయి. సర్కారు తుమ్మ జాతి చెట్ల వేళ్ళు అమెరికాలోని ఆరిజోనాలో ఒక గని తవ్వకంలో 50 మీటర్ల లోతు దాటి కనిపించాయి. బోరు పక్కన దాన్ని పెరగనిస్తే ఎవరి నీళ్ళు ఎవరు తాగుతున్నారో ఆలోచించుకోండి.

కాకినాడ దగ్గరి కోరింగ మడ చెట్లు నీళ్ళలోనే ఉంటాయి కదా, వాటికేం కష్టం?

ఉప్పు. ఉప్పునీరు వేరు నుంచి నీటిని వెనక్కి లాగుతుంది కాబట్టి నీళ్ళలో నిలబడే దాహంతో ఉంటాయి. కొన్ని మడ జాతులు వేళ్ళ దగ్గరే ఉప్పును వడగడతాయి, కొన్ని ఆకుల మీది గ్రంథుల ద్వారా బయటికి నెడతాయి. అలాంటి ఆకును నాలుకతో తాకితే ఉప్పగా ఉంటుంది. బురదలో గాలి ఉండదు, అందుకే పెన్సిల్ ముక్కల్లా వేళ్ళు పైకి పొడుచుకొస్తాయి. చెట్టు వాటితోనే ఊపిరి పీలుస్తుంది. వాటి మీద మట్టి పోస్తే చెట్టు చచ్చిపోతుంది.

కొర్రమీను బురదలో బతుకుతుంటే బొచ్చె, రవ్వ ఎందుకు తేలిపోతాయి?

నీరు వేడెక్కితే ప్రాణవాయువు తక్కువ కరుగుతుంది. 25 డిగ్రీల దగ్గర లీటరులో 8.3 మిల్లీగ్రాములు పడితే 35 దగ్గర 7 మాత్రమే. చేపకు మాత్రం అవసరం దాదాపు రెట్టింపవుతుంది. రాత్రంతా నాచు కూడా ఊపిరి పీల్చేస్తుంది కాబట్టి తెల్లవారుజామున మట్టం అట్టడుగుకు పడుతుంది. 3 మిల్లీగ్రాముల కిందికి దిగితే చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయి. నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు తిప్పవలసింది రాత్రి రెండు నుంచి పొద్దెక్కే దాకా, పగలు కాదు. మబ్బు పట్టిన రోజుల్లో మేత తగ్గించండి, ఎరువు ఆపండి.

కొర్రమీనుకు మొప్పల పైన గాలి పీల్చే గది ఉంది. మార్పు, ఇంగిలాయి అనే చేపలకు కూడా వేరే ఏర్పాట్లున్నాయి. ఎదిగిన కొర్రమీనును పైకి రానివ్వకపోతే నీళ్ళలోనే ఊపిరాడక చస్తుంది. డ్రమ్ముల్లో తీసుకెళ్ళేటప్పుడు అంచు దాకా నీళ్ళు నింపకండి, పైన గాలికి జాగా వదలండి.

కప్పలు వేసవిలో ఎక్కడికి పోతాయి?

నేల లోపలికి. బొరియ కప్పలు వెనక కాళ్ళతో తవ్వుకుంటూ దిగి, గుండె వేగం, శ్వాస బాగా తగ్గించి, మూత్రాశయంలో దాచిన నీటితో కాలం గడుపుతాయి. మొదటి పెద్ద వానకు ఒక్కరాత్రిలో బయటికొస్తాయి. ఆకాశం నుంచి పడ్డాయనుకునేది అందుకే.

ఒంటె మూపురంలో నీళ్ళుంటాయా?

ఉండవు, కొవ్వు ఉంటుంది. ఒంటె గెలుపు వేరే చోట ఉంది: నీళ్ళు లేనప్పుడు ఒంటి వేడిని తెల్లవారుజామున 34 నుంచి మధ్యాహ్నానికి 40 దాటే దాకా పెరగనిస్తుంది. అంతవరకు చెమట ఖర్చు చేయదు, ఆ వేడిని రాత్రి చలిలో ఉత్తినే వదిలేస్తుంది. ఒంటి బరువులో నాలుగో వంతు నీటిని పోగొట్టుకుని కూడా నిలబడుతుంది, దొరికినప్పుడు పది నిమిషాల్లో వంద లీటర్లు తాగుతుంది.

వేసవి రాత్రుల్లో పాములు ఎక్కువ కనిపిస్తాయి. ఎందుకు?

పాము ఒంట్లో వేడి పుట్టించుకోదు, చోటు మార్చి సర్దుకుంటుంది. పగలు నేల కాలుతుంటే బొరియల్లో, కట్టెల మోపుల కింద, నీళ్ళ తొట్ల పక్కన చల్లదనంలో ఉంటుంది. పొద్దుగూకాక వేటకు బయల్దేరుతుంది, మీరు ఆరుబయట పడుకునేదీ అప్పుడే. టార్చి లేకుండా చీకట్లో నడవొద్దు, నేల మీద పడుకోవద్దు, మంచానికి దోమతెర కట్టి అంచులు పరుపు కిందికి దోపండి. కాటేస్తే కట్లు కట్టకుండా, కోయకుండా, ఆ అవయవాన్ని కదలనివ్వకుండా విషానికి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి నేరుగా తీసుకెళ్ళండి. కట్లపాము కాటుకు నొప్పి, వాపు ఉండకపోవచ్చు. రెప్పలు వాలడం, మాట ముద్దగా రావడం మొదలయ్యేదాకా చూస్తూ కూర్చోవద్దు.